అరుపు పరీక్ష

ఆవిడ నోరు తెరిస్తే మొదట వచ్చే మాట "ఉష్". అందుకే వీధి పిల్లలందరూ ఆవిడకి ఉష్ నానమ్మ అని పేరు పెట్టేశారు. చాటుగా పిలిస్తే ఏదోలే అనుకోవచ్చు, ఆ గడుగ్గాయిలు ఎదురుగానే పిలిచేవాళ్ళు. ఆవిడా పలికేది. ఏం చేస్తుంది పాపం, కోడలు ఆస్పత్రిలో నర్సు. రాత్రంతా డ్యూటీ చేసి, పొద్దున్నే వచ్చి, పిల్లాణ్ణి బడికి పంపి, ఇంత వంట చేసి, మధ్యాహ్నం ఎప్పుడో నడుం వాలుస్తుంది. కొడుకు బస్సు డ్రైవరు, చీకటి పడితే గానీ ఇల్లు చేరడు. అంచేత ఆ పిల్ల నిద్రకి కాపలా మొత్తం అత్తగారిదే. మామూలు కాపలా అనుకున్నారా? కాలింగ్ బెల్లు తీగ పీకేసింది. కుక్కరు కూత వేస్తుందని దాన్ని అటక ఎక్కించి, అన్నం గిన్నెలో వండటం మొదలుపెట్టింది. కూరలబండి అతను ఆ ఇల్లు దాటేదాకా నోరు కట్టుకుని బండి తోసుకుపోయేవాడు.

కోడలి పడగ్గది వెనకాల ఓ ఖాళీ స్థలం ఉంది. మూడు వైపులా గోడ, పొద్దు వాలేసరికి పక్క మేడ నీడ, బండ్ల రాకపోకలు లేవు. పిల్లలకి అంతకన్నా ఏం కావాలి? కానీ కిటికీ అటే ఉంది కదా, ఆ స్థలంలోకి ఒక్కణ్ణి కూడా కాలు పెట్టనిచ్చేది కాదు. వాళ్ళేమో వీధిలోకి చేరారు. అక్కడా ఊరుకుందా? అక్కడా ఉష్షే. చివరికి ఆ పిల్లలు గప్‌చుప్‌గా ఆడటం నేర్చేసుకున్నారు. అవుటైతే వేలు పైకెత్తి చూపించుకోవడం, తగువొస్తే మూగసైగలతో తిట్టుకోవడం.

ఆ సైగలే కొంప ముంచబోయాయి. ఓ సాయంత్రం మనవడు బంతి వెనకాల పరిగెడుతుంటే మలుపు తిరిగి పాలవ్యాను వచ్చింది. వ్యాను వస్తోందని కేక వెయ్యాల్సిన పిల్లలు అలవాటు కొద్దీ చేతులు ఊపారు. వాడు వెనక్కి చూస్తేగా! డ్రైవరు బ్రేకు తొక్కాడు కాబట్టి సరిపోయింది. పిల్లాడికి గోరు కూడా ఊడలేదు గానీ, చూసిన నానమ్మ గుమ్మంలోనే కూలబడిపోయింది.

దాంతో కాలనీ కమిటీ కూర్చుంది. ఉయ్యాలలూ జారుడుబల్లా ఇవ్వడానికి మున్సిపాలిటీ వాళ్ళు సిద్ధమేనట, శనివారంలోగా స్థలం చూపించకపోతే మాత్రం పక్క కాలనీకి ఇచ్చేస్తారట. ఆటస్థలం కావాలని అందరూ అన్నారు, మా ఇంటి ముందు మాత్రం వద్దనీ అందరూ అన్నారు. కమిటీ పెద్ద, రిటైరైన హెడ్మాస్టారు, వినీ వినీ విసిగిపోయి ఉష్ నానమ్మ వైపు తిరిగారు. ఈ కాలనీలో పిల్లలు ఎక్కడెక్కడ ఆడతారో వాళ్ళని అన్నిచోట్ల నుంచీ తరిమినావిడకి తప్ప ఇంకెవరికి తెలుసు, వెతికే పని ఆవిడదే అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. వ్యాను బ్రేకు చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది.

మర్నాటి నుంచీ వేట మొదలుపెట్టింది. ఆవిడకో పద్ధతి ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. బడి నుంచి రాగానే మనవణ్ణి ఆ రోజు చూడాల్సిన స్థలంలో నిలబెట్టి, వంద లెక్కపెట్టుకుని ఆపైన గొంతు చించుకుని అరవమనేది. తను గబగబా ఇంటికొచ్చి కోడలి కిటికీ పక్కన చెవి రిక్కించి నిలబడేది. వినపడిందా, ఆ స్థలం పనికిరాదు. మనవడు ఎగిరి గంతేశాడు. పుట్టి బుద్ధెరిగాక నానమ్మ వాణ్ణి అరవమనడం అదే మొదటిసారి. ఆత్రం పట్టలేక ముప్ఫై తరవాత ఏకంగా తొంభైకి దూకేవాడు, ఆవిడ సగం దారిలో ఉండగానే అరిచేసేవాడు. మళ్ళీ వెనక్కెళ్ళి, రెండు తిట్టి, మళ్ళీ మొదలు.

నీళ్ళ ట్యాంకు దగ్గర అరిస్తే పక్కనే ఉన్నట్టు వినపడింది. ట్యాంకు గోడ ఒరిగిందని హెడ్మాస్టారికి వంక చెప్పింది. ఆయన వెళ్ళి చూస్తే గోడ ఆయనకన్నా నిటారుగా ఉంది. తరవాత పళ్ళ డాక్టరు ఇంటి ఎదురు జాగా. పట్టకారు నోట్లో పెట్టినప్పుడు బయట ఎవడో కేకేస్తే ఒక పన్నుకి బదులు ఇంకో పన్ను ఊడొస్తుందని ఆయన లబోదిబోమన్నాడు. మనవడి కేక కిటికీ దాకా వచ్చింది కాబట్టి ఆవిడ కూడా ఆయన పక్షానే చేరింది. తనని సమర్థించే మనిషి దొరికిందని డాక్టరు బిత్తరపోయాడు. పాత ఇనప సామాను కొట్టు వెనకాల నుంచయితే కేకతో పాటు ప్రతిధ్వని కూడా వినపడింది.

శుక్రవారానికి ఒకటే మిగిలింది, పెద్ద రోడ్డు అవతల బస్సు డిపో పక్క మైదానం. అది వినేసరికి హెడ్మాస్టారికి ఒళ్ళు మండింది. వ్యానుకి భయపడి స్థలం వెతుకుతూ పిల్లల్ని బస్సుల మధ్యలోంచి పంపిస్తారా అన్నారు. కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశారు, మీ ఇంటి వెనకాల స్థలాన్ని మించింది ఈ కాలనీలో లేదని.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు తెలియదా మాస్టారూ? కానీ ఆ పిల్ల రాత్రంతా కాళ్ళ మీద నిలబడి రోగుల్ని చూసుకుంటుంది. నిద్ర చాలక కళ్ళు మూతపడి ఒకరికి వెయ్యాల్సిన సూది ఇంకొకరికి వేస్తే? అటు మనవడు, ఇటు కోడలు. ఎవర్ని వదులుకోమంటారు?"

చివరికి మనవడి చెయ్యి పట్టుకుని హెడ్మాస్టారే పెద్ద రోడ్డు దాటించి తీసుకెళ్ళారు.

ఆవిడ కిటికీ పక్కన నిలబడింది. వంద తనే లెక్కపెట్టింది, వాడు ఎగ్గొడతాడని. ఇంకో వందా లెక్కపెట్టింది. గాలికి ఆకు కదిలిన చప్పుడు తప్ప ఇంకేం లేదు. అమ్మయ్య, దొరికింది అనుకుంది. సిగ్నలు దగ్గర తనే నిలబడి రోజూ దాటిస్తే సరి, ముసలి కాళ్ళకి పని ఉంటుంది అనుకుంటోంది, ఇంతలో తలుపు భళ్ళున తెరుచుకుంది. జుట్టు విరబోసుకుని, చెప్పులైనా లేకుండా కోడలు బయటికి పరిగెత్తుకొచ్చింది.

"అత్తయ్యా, వాడేడీ?"

"ఉష్," అంది ఆవిడ అలవాటు చొప్పున, కోడలికే. "ఎందుకు లేచావే?"

"వాడి గొంతు వినపడట్లేదు. ఎక్కడున్నాడు?"

మాస్టారితో వెళ్ళాడని చెబితే గానీ ఆ పిల్ల ఊపిరి కుదుటపడలేదు. మెట్టు మీద కూర్చుని గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఈ వారం ఎంత బాగా నిద్రపట్టిందో తెలుసా అత్తయ్యా? రోజూ వాడి కేక వినపడేది. అమ్మయ్య, ట్యాంకు దగ్గరున్నాడు, డాక్టరుగారి ఇంటి దగ్గరున్నాడు అనుకుని అటు తిరిగి పడుకునేదాన్ని. ఏ చప్పుడూ లేకపోతేనే నాకు మెలకువ వచ్చేస్తుంది. వార్డులో కూడా అంతే. మూలిగేవాళ్ళ గురించి భయపడను, ఉన్నట్టుండి చప్పుడు ఆగిన మంచం దగ్గరికే పరిగెడతాను."

"మరి ఇన్నాళ్ళూ నాతో చెప్పి ఏడవచ్చు కదే?"

"నాకోసం కుక్కరు కూడా మానేశారు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆవిడకి కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది, ఆ రెండూ కలిసి చివరికి ఏడుపుగా బయటికొచ్చాయి. ఎంతమందిని తిట్టింది, ఎన్ని బంతులు లాక్కుని బీరువా కింద పడేసింది, ఎన్నిసార్లు అన్నం మాడబెట్టుకుంది. అంతా ఈ పిల్ల నిద్ర కోసం, దాని నిద్రేమో ఆ గోలలోనే ఉంది. కోడలు ఆవిడ పక్కకి జరిగి భుజం మీద తలవాల్చింది. నా తల్లే, నిద్రకి ఇంత మొహం వాచావా ఇన్నాళ్ళూ అని ఆవిడ జుట్టు నిమిరింది.

అంతలో హెడ్మాస్టారూ మనవడూ వచ్చారు. వాడి గొంతు బొంగురుపోయింది.

"నానమ్మా, వినపడిందా?"

"ఒక్క ముక్క వినపడలేదురా," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "ఆ స్థలం పనికిరాదు."

ఉయ్యాలలు వచ్చాయి, జారుడుబల్లా వచ్చింది, ఇంటి వెనకాల ఆ కిటికీకి ఎదురుగానే. కుక్కరు అటక దిగింది. బీరువా కింది బంతులన్నీ బయటికొచ్చాయి. ఉష్ నానమ్మ అన్న పేరు మాత్రం అలాగే ఉండిపోయింది, పిల్లలు అంత తేలిగ్గా వదులుతారా.

ఓ సెలవు రోజు మధ్యాహ్నం ఆవిడ వంటింట్లో ఉండగా వెనకాల గోల ఉన్నట్టుండి ఆగిపోయింది. గరిటె పట్టుకునే పరిగెత్తింది. చూస్తే దాగుడుమూతలు. ఒకడు గోడకి మొహం పెట్టుకుని నిలబడ్డాడు, మిగతావాళ్ళంతా జారుడుబల్ల కిందా స్తంభాల చాటునా ఊపిరి బిగబట్టి నక్కి ఉన్నారు.

"ఏరా, అందరూ నోళ్ళలో ఏం పెట్టుకున్నారు?" అంది ఆవిడ గరిటె ఆడిస్తూ. "లోపల నా కోడలు నిద్రపోవద్దూ? అరవండి."

వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తరవాత కాలనీ అంతా అదిరిపోయేలా అరిచారు. కిటికీ లోపల మంచం కిర్రుమంది, కోడలు అటు తిరిగి పడుకుంది.