లోపల వదిలిన గుడ్డ

గర్భసంచిలో గడ్డలు పెరిగాయి, సంచి తీసేయాలని డాక్టరమ్మ చెప్పి ఐదు నెలలైంది. రెండుసార్లు తేదీ ఇచ్చింది, రెండుసార్లూ నేనే ఎగ్గొట్టాను. మొదటిసారి స్కూలు యూనిఫాంలు, రెండోసారి పెళ్లివాళ్ల బట్టలు. మూడోసారి ఇచ్చిన తేదీ ఈ గురువారం. ఈసారి ఏ సాకు చెప్పాలా అని కుట్టుమిషన్ ముందు కూర్చుని ఆలోచిస్తున్నాను. నిజం చెప్పొద్దూ, భయం. కత్తి పడ్డాక మళ్లీ ఈ మిషన్ తొక్కగలనా అని ప్రాణం గిలగిల్లాడుతోంది.

ఎదురుగా నా తోడికోడలు హుక్కులు కుడుతోంది. షాపులో నా కుడిభుజం అదే. నోటి విషయంలో నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది.

"ఆస్పత్రి సంచి సర్దావా అక్కా?"

"సర్దుదాం లేవే. కొంపలేం మునిగిపోవడం లేదు."

అది లేచి షాపు వెనకే ఉన్న మా ఇంట్లోకి వెళ్లి, నేను పనిలో వేసుకునే స్కర్టులన్నీ తెచ్చి బల్ల మీద పోసింది. ఒకదాన్ని తిరగేసింది. నడుం పట్టీ దగ్గర కుట్టు విప్పిన చిల్లులు, వాటి పక్కన ఇంకో వరస. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

"ఎన్నిసార్లు వదులు చేశావే తల్లీ?"

"లావయ్యాను. తప్పా?"

"చేతులు చూడు, పుల్లల్లా ఉన్నాయి. పొట్టొక్కటే లావవుతుందా? పక్కవాళ్ల కొలత అరంగుళం తేడా వస్తే పట్టేస్తావు. నీ నడుము నాలుగంగుళాలు పెరిగితే కుట్లు విప్పుకుంటూ కూర్చున్నావా?"

ముందుముందు వదులు చేసుకోవడానికని కుట్టు లోపల కాస్త గుడ్డ ఎక్కువ వదలడం మా పనిలో అలవాటు. ఆ గుడ్డ ఉంది కదా అని రెండేళ్లుగా లోపలి గడ్డలకి చోటిస్తూ వచ్చాను. రక్తం పోయి కళ్లు తిరిగి ఈ బల్లే పట్టుకుని నిలబడ్డ రోజుల్లో కూడా! నా తెలివి తెల్లారినట్టే ఉంది. చివరి స్కర్టులో ఇక విప్పడానికి గుడ్డే మిగల్లేదు.

"గురువారం నువ్వు వెళ్లకపోతే నేనీ షాపు గడప తొక్కను," అంది. దాని కళ్లలో నీళ్లు. "నువ్వు కోలుకునేదాకా మిషన్ నేను తొక్కుతాను. కుట్టు వంకర పోతే తిట్టు. మంచం మీంచే తిట్టు."

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముక్కు తుడుచుకుని కత్తెర అందుకున్నాను. గాయం మానాక వేసుకోవడానికి ఒక కొత్త స్కర్టు, రెండేళ్ల కిందటి నా నడుము కొలతతో. ముప్పై రెండు.

"లోపలెంత వదులుతావక్కా?"

"కుట్టుకి సరిపడా," అన్నాను. "అంతకంటే దారం మందం కూడా వదలను."