మూడో అర

మొగపాళెంలో పుట్టిన బిడ్డ నడక కంటే ముందు ఈత నేర్చుకుంటాడనీ, ఈత కంటే ముందు అబద్ధమాడటం నేర్చుకుంటాడనీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆడిపోసుకుంటారు. ఈత మాటేమో గానీ రెండోది నిజమే. ఆ ఊరి మత్స్యకారుల సంఘం ప్రెసిడెంటు కామాక్షయ్య వాళ్ళ తాత పట్టిన సొరచేప ఎంత పెద్దదంటే, దాని తల ఒడ్డుకు చేరిన రోజున పెళ్ళయిన జంటకు, తోక ఒడ్డుకు చేరేసరికి బిడ్డ పుట్టి పేరు కూడా పెట్టేశారట. ఆ తోకను తాను కళ్ళారా చూశానని కామాక్షయ్య ఇప్పటికీ ప్రమాణం చేస్తాడు. అందరూ తలలూపుతారు. అటువంటి ఊళ్ళో ఉన్నది ఉన్నట్టు చెప్పినా ఎవరూ నమ్మని మనిషి ఒక్కడే. వాడు పెంచలప్రసాద్.

"మద్రాసు కంపెనీకి ఇంట్లో కూర్చోనే పని చేస్తా ఉండావంటనే! ఏం పనబ్బా అది?" అని ఎవరైనా అడిగితే ప్రసాద్ చాలా ఓపిగ్గా చెప్పేవాడు.

"కంప్యూటర్ తెరను అరలుగా విడగొడతాను మామా. అరకీ అరకీ మధ్య ఒక గీత ఉంటది. మౌస్‌తో ఆ గీతను పట్టుకోని జరిపితే ఒక అర పెద్దదవతది, పక్కది చిన్నదవతది."

"అంటే గోడలు జరుపుతావా?"

"అట్టే అనుకో."

కావలిలో ఇంజనీరింగ్ చదివి గోడలు జరిపే పనికి కుదిరినాడని ఊరు ఊరంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది వాడి బావ సుబ్బు. "ఏరా గోడలోడా! మీ అక్క రాత్రి గురక పెడతా ఉండాది, మా మంచం మజ్జన ఒక గీత గీసి కొంచెం అవతలికి జరపరాదా?" అని నలుగురిలో అడిగేవాడు. ప్రసాద్ అక్క జయశీల చేతిలో ఏముంటే అది విసిరేది. ఒకసారి కానాగంత చేప విసిరింది. సుబ్బు దాన్ని గాలిలోనే పట్టుకుని, "వల లేకుండా పట్టినా, చూసుకోండి!" అని ఊరేగించాడు.

జయశీల సంఘం ఆఫీసులో వైర్‌లెస్ సెట్టు దగ్గర కూర్చునేది. ఏ పడవ వేటకు పోయింది, ఏది తిరిగొచ్చింది, ఎవరికి గాలి ఎక్కువగా ఉంది, అన్నీ ఆమె చెవిలోనే పడాలి. పలక మీద సుద్దముక్కతో రాసుకుంటూ అవస్థ పడుతుంటే చూడలేక, ప్రసాద్ అక్కడున్న కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం రాసి పెట్టాడు. తెర మీద మూడు భాగాలు. ఎడమ అరలో వేటలో ఉన్న పడవల పేర్లు, మధ్య అరలో ఒడ్డున ఉన్న పడవల పేర్లు, కుడి పక్కన గాలివానల సంగతి చూపించే సముద్రం పటం. పడవ నీళ్ళలోకి దిగితే పేరు ఎడమ అరలోకి, ఒడ్డుకొస్తే మధ్య అరలోకి. ఎవరికి ఏది పెద్దదిగా కావాలంటే గీత పట్టుకుని జరుపుకోవచ్చు.

మొదటి వారంలోనే కామాక్షయ్య దాన్ని జరిపాడు. పటం పెద్దగా చూద్దామని గీత పట్టి లాగడం మొదలుపెట్టినవాడు, వల లాగినట్టే, ఆగకుండా లాగుతూ పోయాడు. రెండు అరలూ నలిగి నలిగి మాయమైపోయాయి. తెరంతా నీలంగా సముద్రమే మిగిలింది.

"పడవలన్నీ పోయినాయిరో!" అని కేకేస్తూ ఆయన బయటికి పరిగెత్తాడు. ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటూ వచ్చారు. అప్పటికి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, వాటి నీడలోనే మగవాళ్ళు పేకాట ఆడుతున్నారు. ఊరు చాలా రోజులు నవ్వుకుంది. ప్రసాద్ మాత్రం సిగ్గుపడి, ఆ సాయంత్రమే ప్రోగ్రాం సరిచేశాడు. పేర్లున్న ప్రతి అరకూ కనీస వెడల్పు పెట్టాడు. ఇక ఎంతటి మొనగాడు లాగినా, పేరు కనబడేంత చోటు దగ్గర గీత ఆగిపోతుంది. ఆ పైన జరగదు.

"ఇంక ఎవరూ ఏ పడవనీ మాయం చెయ్యలేరక్కా" అన్నాడు గొప్పగా.

కార్తీకమాసంలో ఒకరోజు సుబ్బు ఒక్కడే పడవ దించాడు. తోడు రావలసినవాళ్ళు పెళ్ళికి పోయారు. ముందురోజు సముద్రంలో వదిలిన వలలు తెచ్చుకుంటే చాలు, మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నాడు. జయశీల ఎప్పటిలాగే సద్దన్నం క్యారేజీ అందించి, ఆఫీసుకు పోయి, ఎడమ అరలో 'గంగాభవాని' అని పడవ పేరు ఎక్కించింది. పొద్దెక్కాక వైర్‌లెస్‌లో సుబ్బు గొంతు వినబడింది. "వలలు తీస్తా ఉండా జయా. మీ తమ్ముడికి చెప్పు, ఈడ గాలి గోడలు జరపతా ఉండాది." అంతే. ఆ తర్వాత గరగర తప్ప మాట లేదు.

తీరంలో ఉన్న పడవలన్నీ వెతికాయి. పెద్ద ఓడ వచ్చి వెతికింది. హెలికాప్టరు తిరిగింది. ఎక్కడో దక్షిణాన ఒక నీళ్ళ డబ్బా దొరికింది గానీ, అటువంటి డబ్బాలు ప్రతి పడవలోనూ ఉంటాయి.

ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. సముద్రంలో పోయి తిరిగిరాని మనిషికి ఒడ్డున నీళ్ళు వదలాలి. పడవ దించేటప్పుడు సద్ది అందించిన చెయ్యే ఆ నీళ్ళు వదలాలి. మరొకరు వదిలితే చెల్లదు. సాగనంపినవాళ్ళే ఇక చాలు, పో నాయనా అని చెప్పాలన్నమాట. సుబ్బు తల్లి మాలకొండమ్మ సంక్రాంతి దాటేదాకా నోరు తెరవలేదు. తర్వాత రోజూ అదే మాట.

"మే జయా, నా బిడ్డ నోరెండి తిరగతా ఉండాడే. కలలోకొచ్చి చెంబు అడగతా ఉండాడు. నీ చేత్తో నాలుగు నీళ్ళ చుక్కలు వదల్మే."

"వస్తాడత్తా. ఎడం పక్కే ఉండాది పేరు" అనేది జయశీల.

ఏప్రిల్‌లో, చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా పెట్టే వేట నిషేధం వచ్చింది. పడవలన్నీ ఒడ్డుకెక్కాయి. తెర మీద మధ్య అర పేర్లతో కిక్కిరిసింది. ఎడమ అరలో ఒక్కటే పేరు మిగిలింది. నిషేధంలో పనేమీ లేకపోయినా జయశీల రోజూ ఆఫీసు తాళం తీసి, కంప్యూటర్ వేసి, ఆ ఒక్క పేరు ముందు కూర్చునేది. ఒకసారి ప్రసాద్ వెళ్ళేసరికి ఆమె మౌస్ పట్టుకుని గీతను ఎడమవైపు నెడుతోంది. కనీస వెడల్పు దగ్గర గీత ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి లాగి, మళ్ళీ నెట్టింది. మళ్ళీ ఆగింది. తమ్ముణ్ణి చూసి చెయ్యి తీసేసింది. ఏం చేస్తున్నావని వాడు అడగలేదు. అడిగి ఉండవలసింది.

కామాక్షయ్య వాణ్ణి పక్కకు పిలిచాడు. కోతలు కోయని కామాక్షయ్యను ప్రసాద్ చూడటం అదే మొదలు.

"ఆ పేరు ఆడ ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల కదలదు అబ్బయా. ఆ ముసిల్దానికీ మనశ్శాంతి ఉండదు. నువ్వే తీసెయ్యి. లేనిదాన్ని ఎంతసేపని చూస్తది?"

ప్రసాద్‌కు సబబే అనిపించింది. మధ్యాహ్నం అక్క భోజనానికి పోయినప్పుడు వెళ్ళి కూర్చున్నాడు. కానీ తాను రాసిన ప్రోగ్రామే వాడికి అడ్డం నిలబడింది. వేటకు పోయిన పడవ పేరు ఎవరూ పొరపాటున చెరపకూడదని, ఎడమ అరలోంచి చెరిపే వీలు వాడు ఉంచలేదు. అక్కణ్ణుంచి బయటికి ఒకటే దారి, ఒడ్డున ఉన్న పడవల అర. సరే, ముందు పేరును అందులోకి మార్చి, తర్వాత అక్కణ్ణుంచి తీసేద్దామనుకున్నాడు. మార్చాడు. సరిగ్గా అప్పుడే మద్రాసు నుంచి కంపెనీవాళ్ళ ఫోను వచ్చింది. లోపల సిగ్నల్ ఉండదు. బయటికొచ్చి, ఉప్పుగాలికి వీపు తిప్పి మాట్లాడుతూ నిలబడ్డాడు.

వెనక ఏదో పడిన చప్పుడైంది. తిరిగి చూస్తే, భోజనం నుంచి ఎప్పుడొచ్చిందో, అక్క. చెప్పులు కూడా లేకుండా, జారిన కొంగును చేత్తో పట్టుకుని, మండే ఇసకలో ఒడ్డువైపు పరిగెడుతోంది.

వాడికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఫోను చెవి దగ్గరే ఉంది, అవతల ఎవరో హలో హలో అంటున్నారు. వాడు పరిగెత్తాడు.

ఒడ్డున పడవలు వరసగా ఉన్నాయి. జయశీల ఒక్కొక్క పడవ ముందుకు పోయి, దాని ముఖాన రాసిన పేరు చేత్తో తడిమి, పక్కదాని దగ్గరికి పోతోంది. ఆమెకు చదువొచ్చు. అయినా చేత్తో తడుముతోంది. ఒక పడవ నీడలో కూర్చుని ఎండుచేపలు తిరగేస్తున్న మాలకొండమ్మ తలెత్తింది.

"ఏందిమే, అట్ట ఎతకతా ఉండావు?"

"వచ్చినాడత్తా! పేరు ఒడ్డు పక్కకొచ్చుండాది. ఎవరో చూసి ఎక్కించినారు. ఏ పక్కన కట్టినాడో..."

మాలకొండమ్మ ఒళ్ళోని చేపలు ఇసకలో పడ్డాయి. కొడుక్కి నీళ్ళు వదలమని అన్ని నెలలు పోరిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో గడప దాటడానికే గోడ పట్టుకునే మనిషి, లేచి రెండోవైపు నుంచి వెతకడం మొదలుపెట్టింది. ఆమెకు చదువు రాదు. పడవల రంగులు చూస్తూ, "సుబ్బా! ఒరే సుబ్బా!" అని పిలుస్తూ పోతోంది.

అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు. ఇద్దరూ వరస మధ్యలో కలుసుకున్నారు. ప్రసాద్ అక్కడికి చేరాడు.

"నేనే మార్చినానక్కా" అన్నాడు. "తీసేద్దామని... తీసేసేదానికి వేరే దారి లేక..."

జయశీల అరవలేదు. ఉన్నచోటే ఇసకలో కూలబడింది. మాలకొండమ్మే పిడికెడు ఇసక తీసి వాడి ముఖాన కొట్టింది. "నీ చదువు మండా! ఇంకొక్కసారి చంపితివి కదరా వాణ్ణి" అంది. కళ్ళలో పడిన ఇసక వాడు తుడుచుకోలేదు.

జయశీల వాడివైపు తిరిగి అడిగింది. "ఒరే ప్రసాదా, నీ తెరలో రెండే చోట్లుండాయా? వేటలో, లేకుంటే ఒడ్డున?"

"రెండే పెట్టినానక్కా."

"మీ బావ రెండింట్లోనూ లేడు కదరా."

ఇన్నేళ్ళుగా అరలు విడగొట్టే పనిలో ఉండి, ఎన్ని అరలు కావాలో ఒక్కసారీ సరిగ్గా ఆలోచించలేదని వాడికి అప్పుడు తెలిసింది.

"ఇంకొకటి పెట్టు. అందులో ఆ పేరు ఒక్కటే ఉంచు" అంది ఆమె. "దానికి మాత్రం నువ్వు పెట్టినావే, ఇంతకంటే తగ్గగూడదని, అది పెట్టబాక. మూసేస్తే మూసుకోని పోవాల. నేనెంత నెట్టినా ఆ గీత పోనీలేదురా. నా చేత్తో నన్ను మూయనీలేదు నువ్వు."

ఆమె నెట్టిన గీత మళ్ళీ మళ్ళీ ఆగిపోయినప్పుడు ప్రసాద్ తలుపు దగ్గరే నిలబడి చూశాడు. ఊరికే పొద్దుపోక జరుపుతోందనుకున్నాడు.

ఆ అర తయారుచేయడం పెద్ద పనేమీ కాదు. మామూలుగా అయితే టీ చల్లారేలోగా అయిపోతుంది. ప్రసాద్‌కు రెండు రోజులు పట్టింది. ఎడమ అర కింద అడ్డంగా కొత్త అర పెట్టాడు. కనీస ఎత్తు సున్నా చేశాడు. గీత సన్నగా ఉంటే చెయ్యి వణికినప్పుడు పట్టు దొరకదని కాస్త లావు చేశాడు. అరకు శీర్షిక ఏం పెట్టమంటావని అడిగితే ఏమీ పెట్టబాకంది. 'గంగాభవాని' అందులోకి మారింది. ఎడమ అర ఖాళీ అయింది. జయశీల గీతను ముట్టుకోలేదు. వాడూ తొందరపెట్టలేదు, మాలకొండమ్మను కూడా పెట్టనివ్వలేదు.

జూన్‌లో నిషేధం ముగిసింది. మొదటిరోజు తెల్లవారుతూనే పడవలు దిగుతున్నాయి. ఒడ్డున టెంకాయలు కొడుతున్నారు, కామాక్షయ్య ఎవరికో సొరచేప తోక కథ చెబుతున్నాడు. ప్రసాద్ ఆఫీసుకు పోయేసరికి అక్క తలంటుకుని, తడిజుట్టు ముడేసుకుని సెట్టు ముందు కూర్చుని ఉంది. పక్కన మాలకొండమ్మ. ఆమె ఒళ్ళో ఇత్తడి చెంబు.

"యాడుండాదిమే నా బిడ్డ పేరు?" అంది ముసలామె.

జయశీల చూపించింది. మాలకొండమ్మ ముందుకు వంగి, తెర మీద ఆ అక్షరాలను వేలితో ముట్టుకుంది. చేపల వాసన వేలు. అద్దం మీద చిన్న మరక పడింది.

జయశీల మౌస్ మీద చెయ్యి వేసింది. గీతను పట్టుకుని కిందికి జరపసాగింది. అర కుంచించుకుపోతోంది. అక్షరాలు కింది నుంచి తెగుతున్నాయి.

"ఆగుమే" అంది మాలకొండమ్మ. "ఇంకొంచేపుండనీ."

అన్ని నెలలు పోరిన మనిషి నోటినుంచి వచ్చిన మాట అది. జయశీల ఆగింది. చెయ్యి మాత్రం తీయలేదు. సగం తెగిన పేరు అలాగే నిలిచింది. ముగ్గురూ దాన్నే చూస్తూ ఉండిపోయారు.

వైర్‌లెస్ గరగరమంది. "అక్కా, వెంకయ్యను. పడవ దించినాం. వినబడతా ఉండాదా?"

జయశీల ఎడమ చేత్తో సెట్టు బటను నొక్కింది.

"వినబడతా ఉండాది వెంకయ్యా, చెప్పు. ఎంతమంది పోతా ఉండారు? అన్నం పెట్టుకున్నారా?" అంటూనే కుడిచేత్తో గీతను కిందిదాకా లాగేసింది. పైన ఎడమ అర ఆ చోటు తీసుకుని పెద్దదైంది. అందులో వెంకయ్య పడవ పేరు ఎక్కించింది. ఆ వెనకే ఇంకో పడవ పిలిచింది, దాన్నీ ఎక్కించింది.

తర్వాత కుర్చీలోంచి లేచి తమ్ముడికి చూపించింది. "కూర్చో. పడవలు పిలస్తా ఉంటాయి. పేర్లు సరిగ్గా ఎక్కించు."

"సరే అక్కా."

"పా అత్తా" అంది. మాలకొండమ్మ లేవలేకపోయింది. జయశీలే ఆమె రెక్క పట్టి లేపి, చెంబు తన చేతిలోకి తీసుకుంది. ఇద్దరూ ఒకరినొకరు ఆనుకుని నీళ్ళవైపు నడిచారు.

ప్రసాద్ తెర ముందు కూర్చున్నాడు. తెర అడుగున, చూసేవాళ్ళకు తెలిస్తే తప్ప కనబడనట్టుగా, ఆ గీత అంచుకు అంటుకుని ఉంది. పైన అద్దం మీద ముసలామె వేలి మరక. సెట్టులో ఎవరో పిలుస్తున్నారు. వాడు కళ్ళు తుడుచుకుని, ఆ పడవ పేరేమిటో మళ్ళీ ఒకసారి చెప్పమని అడిగాడు.