తల్లి భయము చేరిన చోటు

“ఆ కొండంత యంత్రాల మధ్యన నీ చున్నీ ఏ చక్రంలోనన్నా సిక్కుకుంటే ఏటి సేస్తావే?”

నవజలధరచ్ఛాయానీలమైన యాషాఢప్రభాతమున రేకులకప్పు నుండి జాఱు వానచినుకులు పట్టాల నడుమ ముత్యములై చెదరుచుండగా పార్వతీపురము రైలుస్టేషనున నిలిచి యప్పలనరసమ్మ తన యేకైకపుత్రిక సువర్చల నిట్లడిగెను. రైలింకను రాలేదు, కీడు మాత్ర మా తల్లి మనోవీథికి ముందుగనే వచ్చి కూర్చుండెను.

సువర్చల విద్యుద్విద్య నభ్యసించి విశాఖపట్టణమున ఓడరేవు క్రేనుల కంట్రోలు ప్యానెళ్లకు తీగెలమర్చు కర్మాగారమున శిక్షణకై చేరబోవుచుండెను. బాల్యసఖి పైడిరత్నయు నచ్చటనే చేరుచుండుట యొక్కటియే తల్లికి ధైర్యము. లోకమున నన్నిటిని శంకించు నా యిల్లాలు పైడిరత్నను మాత్రము శంకింపదాయెను.

సువర్చల పట్టణమున త్వరలోనే కుదురుకొనెను. పగలు రంగురంగుల తీగెలను వాని వాని స్థానముల బిగించుచు సాయంకాలము తీరమున నేరిన గవ్వలపై సన్నని కుంచెతో పక్షులను పడవలను చిత్రించుచు అలసినప్పుడు వేణువూదుచు అన్నియు తల్లికి ఫోనులో నిస్సంకోచముగ జెప్పుచుండెను. మొదలిడిన చిత్రము ముగియక నిద్ర రాదని యొకనాడు నవ్వుచు జెప్పిన మాట తల్లి గుండెలో ముల్లై నాటెను. కూతును మందలించిన నొచ్చుకొనునని తలంచి యామె పైడిరత్నకు ఫోను చేసెను.

“రత్నా, పిల్ల నిద్దరమాని గవ్వలకి రంగులేస్తంది. ఆ తూగులో కరెంటు తీగ ముట్టుకుంటే ఏటైపోద్దమ్మా? కాస్త కనిపెట్టుకో. దానికి సెప్పకు.”

“నాకొదిలెయ్ పిన్నీ. నేనున్నాను కదా.”

శిక్షణానంతర మొక్కరికే కొలువు దక్కునని యప్పటికే కర్మాగారమున వినవచ్చుచుండెను. పైడిరత్న యా భయమును పదిలముగ గొనిపోయి శిక్షణాధికారి యెదుట బెట్టెను. కన్నతల్లియే తూగునని యడలుచున్న పిల్లను విద్యుత్తు చెంత నుంచుట తనవలన గాదని యాతడు సువర్చలను స్టోరుగదికి మార్చి బోల్టులు, నట్లు ఏఱిపెట్టు పని యొప్పగించెను. ఆమె సగము ముగించిన ప్యానెలు పైడిరత్న చేతికి వచ్చెను. పనిలో నెన్నడును కునికిపాట్లు పడలేదని సువర్చల మొఱవెట్టుకొనగా నధికారి యా తల్లి మాటలను పొల్లుపోకుండ వినిపించెను.

నాటినుండి కూతురి ఫోను మూగవోయెను. నానావిధాపాయములు కల్పించుకొనుచు నప్పలనరసమ్మ రైలెక్కి వచ్చి హాస్టలు మెట్లపై కూర్చుండి సంగతియంతయు కూతురి తోడిపిల్లల నోట వినెను. అంతలో పైడిరత్న తలవంచుకొని ప్రక్కగా బోవుచుండెను.

“బాగా కనిపెట్టుకున్నావమ్మా రత్నా,” అని యామె యనెను. పైడిరత్న పనియున్నదని గొణిగి మెట్లెక్కిపోయెను.

సువర్చల వచ్చి తల్లి చెంతనే కూర్చుండెను గాని ఆమెవైపు ముఖము త్రిప్పలేదు. తాను మేలు గోరియే చెప్పితిననియు, అది యిట్లు తిరుగునని కలనైన దలపలేదనియు, అధికారి కాళ్లు పట్టుకొనియైన జెప్పెదననియు తల్లి పలుతెఱగుల బ్రతిమాలెను. పశ్చిమదిక్కున సంధ్యారాగము కరగిపోయెను. దూరమున రేవులో క్రేనుల శిఖరదీపములు ఒక్కొక్కటిగ వెలిగెను.

ఆ దీపములను చూచుచునే సువర్చల యనెను.

“రత్న తన మాటగా సెప్పుంటే ఆయన నమ్మేవోడు కాదమ్మా. నువ్వన్నావంటే నమ్మేడు. ఇకనించి నీకు భయమేస్తే నాకే సెప్పు. ఇంకెవ్వరికీ సెప్పకు.”