స్తూపం దగ్గర కొబ్బరికాయ

మా ఊరి జవాన్ల స్తూపం మీద మూడు పేర్లున్నాయి. రెండు ఎప్పుడో డెబ్బయ్యొకటి యుద్ధంలో పోయినవాళ్లవి. మూడోది నా మొగుడిది, నాగేందర్. ఆరేండ్ల కింద సరిహద్దులో మంచుచరియ విరిగిపడి పోయాడు. ఆగస్టు పదిహేనున స్తూపం తెరుస్తామని సర్పంచ్ విజేందర్ చాటింపు వేయించాడు. మొదటి కొబ్బరికాయ కొట్టేది మాత్రం వాళ్లావిడట! అత్త సొమ్ము అల్లుడు దానమంటే ఇదే. నాకు ఒళ్లు మండింది. ముందురోజు పంచాయతీ ఆఫీసుకు పోయి నిలదీశాను.

"అన్నా, నా మొగని రాయికాడ నీ పెండ్లాం కాయ కొడ్తదా?"

"మొదటి కాయ ముత్తైదువ కొట్టాలె గద చెల్లె. గది నేను పెట్టిన రివాజా?"

"ఆయన చచ్చిండనే గద గీ రాయి నిలబెట్టిండ్రు. ఆయన చావు ఊరికి గొప్పదాయె, ఆయన పెండ్లాం పాడుదాయెనా?"

మందను ఒక్క పూట విడిచి ఉండని మా మామ కురుమయ్య, ఆరోజు గొర్లను ఎవరికో అప్పజెప్పి నా వెనకే వచ్చాడు. "నా కోడలే కొడ్తది," అన్నాడు. దాంతో విజేందర్, అక్కడున్న పెద్దలు ఒప్పుకున్నారు. గెలిచానన్న సంబరంతో ఇంటికి నడిచాను.

పొద్దున జెండా ఎగిరాక కాయ కొట్టాను. ఒక్క దెబ్బకే రెండు చెక్కలైంది. మగవాళ్లు చప్పట్లు కొట్టారు. కొబ్బరి ముక్కలు పళ్లెంలో పెట్టుకుని ముందుగా పుష్ప దగ్గరికి పోయాను. రోజూ నాతో పత్తి చేనుకు వచ్చే పిల్ల. దాని మొగుడు గిరి కూడా పటాలంలోనే, ఇప్పుడు సరిహద్దులోనే ఉన్నాడు.

పుష్ప చెయ్యి కొంగు కింద దాచుకుంది.

"ఏందే, తీస్కో."

"అక్కా, ఏమనుకోకు. నీ చేతిది తినాలంటే భయమైతాంది. గిరి ఇంక నాలుగు నెలలు ఆడ్నే ఉండాలె."

దాని కండ్ల నిండా నీళ్లు. వెనకున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే పక్కకు జరిగారు. నోటికొచ్చినట్టు తిడదామనుకున్నాను. అంతలో పాత సంగతొకటి గుర్తొచ్చింది.

నాగేందర్ మొదటిసారి సరిహద్దుకు పోయిన ఏడాది, పక్కూరి జానమ్మ నాకు జాతర ప్రసాదమని బెల్లం ఇచ్చింది. ఆమె మొగుడూ పటాలంలో ఉండగానే పోయాడు. నవ్వుతూ తీసుకున్నాను. ఆమె మలుపు తిరగ్గానే మోరీ కాలువలో పారేశాను. పుష్ప నయం, మొహం మీదే చెప్పింది.

అందరూ భోజనాలకు పోయారు. పళ్లెం పట్టుకుని ఒక్కదాన్నే నిలబడ్డాను. ఎవరిని తిట్టాలి? నాగేందర్ బతికుంటే, ఏ ముండమోపి చేతి కొబ్బరిని నేనూ ముట్టేదాన్ని కాదు.