తూకం రోజు ఫొటోలు

సుసన్న టీచరుకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇబ్రహీంపట్నంలో ఆమె అంగన్‌వాడీకి పిల్లల్ని ఎత్తుకొచ్చిన ప్రతి తల్లికీ తెలుసు. బిడ్డ బరువు పావుకిలో తగ్గిందంటే ఆ తల్లికి ఆ పూట అక్షింతలే. ఇరవై ఆరేళ్లుగా ఆ కోపం తల్లుల మీదే పడుతూ వచ్చింది. ఆ ఆదివారం మాత్రం చర్చి నుంచి ఇంటికొచ్చాక అదంతా కూతురి కంప్యూటర్ మీద పడింది.

"ఇంతసేపా? గోరంత కార్డు మింగనీకె గింత తిప్పలు పడ్తున్నదేందే ఇది?"

"జర ఆగు అమ్మా. పాత కార్డు. మెల్లగ చదువుతది," అంది మనోజ. కొంగరకలాన్ ఫ్యాక్టరీలో పని చేసే ఆ పిల్లకు ఆదివారం ఒక్కటే సెలవు.

ఆ కార్డుల కథ చెప్పకపోతే ఇదంతా అర్థం కాదు. చాలా ఏళ్ల కింద పర్యవేక్షణకు వచ్చిన మేడం ఒకరు, పిల్లల్ని తూకం వేసే రోజున ఫొటోలు తీసి పెట్టమని సుసన్నకు చెప్పింది. ఆ మేడం అడిగింది ఒక్క నెలకే. ఆ సంగతి సుసన్నకు తెలియదు, ఇక వద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు. భర్త జాకబ్ తెచ్చిచ్చిన చిన్న డిజిటల్ కెమెరాతో ఆమె తొమ్మిదేళ్ల పాటు నెలనెలా ప్రతి పిల్లనూ, ప్రతి పిల్లవాడినీ ఫొటో తీస్తూనే పోయింది.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటి చేసింది. కార్డు నిండితే ఫొటోలు కంప్యూటర్లోకి దించుకుని, అదే కార్డు మళ్లీ వాడుకోవచ్చని ఆమెకు తట్టలేదు. వెనకటి కెమెరాల్లో రీలు అయిపోతే కొత్త రీలు వేసినట్టే కొత్త కార్డు కొనుక్కొచ్చేది. నిండినదాన్ని కాగితంలో చుట్టి, పైన సంవత్సరం రాసి, ఖాళీ పౌడరు డబ్బాలో పడేసేది. తర్వాత ఫోన్లు వచ్చాయి, కెమెరా మూలకు పడింది, డబ్బా బీరువా అడుక్కి చేరింది. ఆ డబ్బాలో ఏడు కార్డులున్నాయి. వాటిలోని ఒక్క ఫొటోనూ ఎవరూ చూడలేదు, తీసిన మనిషి కూడా.

"ఏడు కార్డులు కొన్నవా అమ్మా? తుడిచి వాడుకుంటరే ఎవరన్న," అని మనోజ పడీపడీ నవ్వింది.

"నాకెవడు చెప్పిండు? చెప్తే తుడిచేసి కూసుందును. అప్పుడు ఏం జూస్తుంటివి నువ్వు?"

ఈలోగా కంప్యూటర్ కార్డును చదవడం మొదలుపెట్టింది. తెర మీద ఒక చిన్న ముఖం పడింది. పక్కన ఇంకొకటి, ఆ పక్కన ఇంకొకటి. వరుసలకు వరుసలు కిందికి జారుతూ నిండిపోతున్నాయి. తూకం కొక్కేనికి కట్టిన గుడ్డ ఉయ్యాలలో వేలాడుతూ ఏడ్చే పిల్లలు, నోట్లో వేలు పెట్టుకున్న పిల్లలు, ముక్కు కారే పిల్లలు, చొక్కా తప్ప ఒంటి మీద ఇంకేమీ లేని పిల్లలు. తిట్టడానికి మాట దొరకకపోవడం సుసన్నకు బహుశా అదే మొదటిసారి.

"వీడు శేరిగూడల ఇంజనీరింగు చదువుతుండు," అంది తెర మీద వేలు పెట్టి. "ఇది పెండ్లయి ఆదిభట్లల ఉన్నది. ఈడు మొన్న బ్యాంకుల నాకే ఫారం నింపిచ్చిండు. ఓరి దేవుడా, ఈనికి అప్పుడు నేనే ముక్కు తుడిచిన."

ఏడు కార్డులూ దించేసరికి లెక్క ఐదు వేలు దాటింది. సుసన్న కుర్చీలో వెనక్కి వాలి, తన రెండు చేతులనూ ఒకసారి చూసుకుంది. ఇంతమందిని ఈ చేతులతోనే ఎత్తి ఆ కొక్కేనికి తగిలించానా అని ఆమెకే నమ్మబుద్ధి కాలేదు.

ఆ వారమంతా సుసన్న తనకు నంబరు తెలిసిన తల్లులకు ఒక్కో ఫొటో పంపింది. ఊళ్లో అదొక పండుగైపోయింది. మీసాలొచ్చిన కొడుకులు, కాలేజీకి పోయే కూతుళ్లు ఆ ఫొటోలు చూసి సిగ్గుపడి చచ్చారు. మరుసటి ఆదివారం పొద్దున పదకొండింటికి గేటు చప్పుడైంది. సుసన్న వెళ్లి చూస్తే యాదమ్మ నిలబడి ఉంది.

యాదమ్మది యాచారం దారిలో పొలాలున్న రైతు కుటుంబం. మల్లేశయ్య పటేలు కోడలంటే చుట్టుపక్కల తెలియనివారు లేరు. ఈ గడప ఏనాడూ తొక్కని మనిషి. చెప్పులు విప్పి లోపలికొచ్చింది, కూర్చోమంటే కూర్చోలేదు.

"టీచరమ్మా, మా భవితది ఉన్నదా?"

యాదమ్మకు ఇప్పుడు అక్షయ్ అనే పదమూడేళ్ల కొడుకున్నాడు. వాడికి ముందు భవిత అనే ఆడపిల్ల పుట్టింది. పుట్టెంటికలు తీసేదాకా పిల్లకు ఫొటో దిగకూడదు, దిష్టి తగులుతుందని వాళ్లింట్లో కట్టడి. పదకొండో నెలలో గుట్ట మీది గుడికి పోయి పుట్టెంటికలు తీయిద్దామనుకున్నారు. పదో నెలలో జ్వరం వచ్చింది. దవాఖానలో నాలుగు దినాలుండి పిల్ల పోయింది. ఫొటో అన్నది ఒక్కటీ లేదు.

"పద్నాలుగేండ్లాయె," అంది యాదమ్మ. "మొకం యాదికొస్తలేదు టీచరమ్మా. ఎంత యాది చేసుకున్నా అక్షయ్‌గాని మొకమే వస్తున్నది. ఆని మొకాన్నే దానికి పెట్టుకొని ఏడుస్తున్న."

మనోజ ఇంకో కుర్చీ తెచ్చి తెర ముందు వేసింది.

వెతకడం తేలికేమీ కాదు. ఆ కెమెరాకు సెల్లులు మార్చినప్పుడల్లా తారీఖు మొదటికొచ్చేది, అందుకని కంప్యూటర్ దృష్టిలో ఆ ఐదు వేల ఫొటోలూ ఒకే జనవరి నెలలో తీసినవి. అయితే సుసన్నకు కెమెరా మీద ముందునుంచీ నమ్మకం లేదు. ప్రతి తూకం రోజూ మొదటి ఫొటోగా పలక మీద సుద్దతో తారీఖు రాసి, ఆ పలకను తీసేది. మనోజ పలక నుంచి పలకకు దూకుతూ పోయింది. రెండు వేల పదకొండు, ఏప్రిల్ పలక దొరికింది, యాదమ్మ పిల్లను మొదటిసారి తూకానికి తెచ్చిన నెల.

ఆ పలక తర్వాత పద్దెనిమిదో ఫొటోలో యాదమ్మ ఉంది. ఇరవై రెండేళ్ల యాదమ్మ, పచ్చ చీర, పసుపు అంచు. ఒళ్లో పిల్ల. పిల్ల ముఖం మీద యాదమ్మ అరచెయ్యి. వేళ్ల సందుల్లోంచి కొంచెం జుట్టు తప్ప ఏమీ కనపడదు.

మే నెలలోనూ అంతే, ఈసారి కొంగు కప్పి ఉంది. జూన్‌లో మళ్లీ అదే పచ్చ చీర, మళ్లీ చెయ్యి.

సుసన్నకు ఆ రోజులు కళ్ల ముందు కదిలాయి. ఫొటో దిగితే ఏం కాదు, చెయ్యి తియ్యి అని తను తిట్టడం, యాదమ్మ బెదిరి చెయ్యి ఇంకా గట్టిగా అదిమిపెట్టడం. మొండిదానివని అందరి ముందూ అంది. నెల తిరక్కుండానే పిల్ల పోయిందని విన్నాక, యాదమ్మ బజారులో ఎదురైతే తనే పక్క సందులోకి తప్పుకునేది.

"నా చెయ్యే," అంది యాదమ్మ. "మూడిట్ల మూడు. దిష్టి తగులొద్దని నా చేత్తోనే మూసుకున్న." తర్వాత మనోజ వైపు తిరిగింది. "బిడ్డా, కంప్యూటర్ల అన్నీ తియ్యొస్తదంట గద. జర ఈ చెయ్యి తియ్యరాదు."

మనోజ తల్లి వైపు చూసింది. చెయ్యి తీసేసి, ఆ చోట ఏదో ఒక పసిముఖం అల్లిపెట్టే కిటుకులు ఈ రోజుల్లో బోలెడున్నాయి. అది ఎవరి ముఖమో ఆ కంప్యూటర్‌కే తెలియదు. సుసన్న ఒక్క చూపుతో వద్దంది.

"తియ్యరాదు యాదమ్మా," అంది తనే. "చెయ్యి వెనుక ఏమున్నదో కెమెరా జూడలేదు. అది జూడనిది మనకు చూపియ్యదు. లేని మొకం తెచ్చి నీ బిడ్డ అని నేను చెప్ప."

యాదమ్మ తలూపింది. లేచి కొంగు సర్దుకుంది. పోనియ్యి టీచరమ్మా అని గుమ్మం దాకా నడిచింది. ఆమె అలా వెళ్లిపోతుంటే సుసన్నకు మళ్లీ కోపమొచ్చింది. ఈసారి ఎవరి మీదో ఆమెకే తెలియదు.

"కూసో," అంది కసురుతున్నట్టు. "నేను పొమ్మన్ననా? మనోజా, జూన్‌వి మొత్తం తియ్యి. ఆ దినం తీసినయి అన్నీ. ఒక్కటి ఇడువకు."

ఒక్కొక్కటీ తెర మీద పెద్దది చేసి చూడడం మొదలుపెట్టారు. తూకం అంగన్‌వాడీ వరండాలో వేసేవాళ్లు. పైన దూలానికి తూకం కొక్కెం, ముందు ఎండ, వెనక గది గుమ్మం. వంతు వచ్చేదాకా తల్లులు ఎండ తగలకుండా ఆ గదిలోనే కూర్చునేవాళ్లు. ఫొటోల్లో మాత్రం ఆ గుమ్మం ఉత్త నల్లటి మచ్చలా ఉంది.

పదమూడో ఫొటో సంజీవ అనే పిల్లవాడిది. కొక్కేనికి వేలాడుతూ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వాడి పాదాల వెనక, గడప దగ్గర, నలుపులోంచి బెత్తెడు పచ్చగుడ్డ బయటికి వచ్చి ఉంది. దానికి పసుపు అంచు.

"ఆగు," అంది సుసన్న. "అది యాదమ్మ చీర. లోపట కూసున్నది. ఆ చీకటి తియ్యొస్తదా నీకు?"

"చూస్త," అంది మనోజ. "చీకటి వేరు, చెయ్యి వేరు. చీకట్ల ఉన్నదాన్ని కెమెరా కొంచమన్న జూస్తది."

ఆమె ఆ నల్లటి చోటును మాత్రమే తెర నిండా పెద్దది చేసింది. తెరంతా బొగ్గులా అయింది. పక్కన నీడల పేరుతో ఒక గీత, దాని మీద ఒక చుక్క. ఆ చుక్కను మౌస్‌తో పట్టుకుని కుడివైపుకు మెల్లగా జరిపింది.

ముందు గోడ వచ్చింది. గోడ మీద అ ఆల చార్టు వచ్చింది. ఎవరిదో మోకాలు వచ్చింది, గాజులున్న ఒక చెయ్యి వచ్చింది. మనోజ ఇంకొంచెం జరిపింది. పచ్చ చీర మొత్తం తేలింది. పక్కామెతో మాట్లాడుతూ అటు తిరిగిన యాదమ్మ చెంప కనపడింది. ఆమె ఒళ్లో, బూడిదరంగులో ఏదో గుండ్రంగా కదిలినట్టు తోచింది. మనోజ వేలు ఆగింది. మళ్లీ జరిగింది. రెండు కళ్లు వచ్చాయి. ముక్కు, తెరిచిన నోరు, కింది చిగురు మీద రెండు బియ్యపుగింజలంత పళ్లు.

అన్నేళ్లూ ఆ పిల్ల సుసన్న బీరువాలోనే ఉంది, పాత చీరల కింద, పౌడరు డబ్బాలో. తను పండుగలకు బట్టలు తీసుకుంటూ ఎన్నిసార్లు ఆ డబ్బాను పక్కకు నెట్టిందో లెక్కలేదు. ప్రభువా, అని మనసులో అనుకుంది. ఆ ఒక్క మాట తప్ప ఏ ప్రార్థనా నోటికి రాలేదు.

యాదమ్మ ఏడవను కూడా ఏడవలేదు. పిల్లను చూస్తూ ఉండిపోయింది.

చీకటిని అంతలా లాగడంతో ఫొటో అంతా ఇసుక చల్లినట్టు రంగు చుక్కలు పడ్డాయి. వాటిని తుడవడానికి మనోజ ఇంకో మీట నొక్కింది. చుక్కలు పోయాయి, పిల్ల బుగ్గ నునుపుగా తేలింది.

"అయ్యో, దాన్నెందుకు తీసినవ్?" అంది యాదమ్మ. ఆమె గొంతు అప్పుడు లేచింది. "బుగ్గ మీద నల్ల చుక్క. అది కాటుక. పొద్దుగాల నేనే పెట్టిన."

కంప్యూటర్ ఆ దిష్టి చుక్కను కూడా మరకనుకుని తుడిచేసింది. మనోజ గబగబా వెనక్కి వెళ్లింది. ఇసుక మళ్లీ వచ్చింది, ఇసుకతోపాటు ఎడమ బుగ్గ మీద కందిగింజంత నల్ల చుక్కా వచ్చింది. "ఇసుకుంటే ఉండనియ్యి బిడ్డా," అంది యాదమ్మ, "చుక్క ఉండాలె." తర్వాత వేలు చాచి, తెరకు తగలకుండా గాలిలోనే ఆ ముక్కునూ గడ్డాన్నీ గీసింది. "అక్షయ్ పోలిక కాదు. ఏమాత్రం కాదు. ఇది మా అమ్మ మొకం. ఎట్ల మర్చిపోయిన నేను?"

"నువ్వు పక్కకు తిరిగి ముచ్చట్ల పడ్డవ్," అంది సుసన్న. "మూసెటోళ్లు లేకపోయిన్రు. సక్కగ కెమెరానే జూస్తున్నది పోరి."

"నిన్ను జూస్తున్నది టీచరమ్మా."

సుసన్నకు అప్పుడు ఏడుపు ఆగలేదు. చెంగుతో ముఖం కప్పుకుని, ఆ పటేలింటి కోడలి ముందు, సొంత కూతురి ముందు, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ రోజు తను సంజీవ ఒక్కడినే చూసింది. యాదమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది కానీ కళ్లు తెర మీంచి తీయలేదు.

మనోజకు తను చేసిన పని తనకే అబ్బురంగా ఉంది. నిన్నటిదాకా ఆ గీతను సెల్ఫీల్లో రంగు తేలడానికి వాడింది, అంతే. అసలు ఫొటో ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉందో వీళ్లిద్దరికీ చూపిద్దామనిపించింది. దానికీ ఒక మీట ఉంది. నొక్కిపట్టి ఉంచితే పాత ఫొటో వస్తుంది, వదిలితే కొత్తది వస్తుంది.

"చూడు అత్తా, ఇంతకుముందు ఎట్లుండెనో," అని వేలు ఆ మీట మీద పెట్టింది. ఫొటో ఒక్క రెప్పపాటు నల్లబడింది.

యాదమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. పొలం పని చేసిన చెయ్యి, గాజులు నొక్కుకునేంత గట్టిగా పట్టింది.

"వద్దు బిడ్డా. మల్ల చీకట్లకు పంపకు."

మనోజ మీట మీంచి వేలు తీసేసింది. యాదమ్మ తన కుర్చీని తెర దగ్గరికి ఇంకొంచెం జరుపుకుని కూర్చుంది.