పసుపు ప్లేటు కాపురం

దారెస్సలాంలో అద్దెకు సామాను మోసే బండికి తెల్ల నంబరు ప్లేటు ఉండాలి. పసుపు ప్లేటు సొంత సామానుకే. పజీకి ఈ సంగతి తెలియక కాదు. తన చిన్న కిరికూ ట్రక్కుతో ఎనిమిదేళ్ళుగా ఊరందరి మంచాలూ మోస్తూ, రిజిస్ట్రేషను మార్పించడానికి మాత్రం రేపు, ఎల్లుండి అంటూ కాలం నెట్టుకొచ్చాడు. బండి పట్టుబడితే కూడు పోతుందన్న భయం ఉంది గానీ, బద్ధకం అంతకు నాలుగింతలుంది.

చపాతీలమ్ముకునే జైతూని భర్త పోయాక ఎంబగాలాలో గది తీసుకుంది. ఆమె సామానుతో వెళ్తుంటే ట్రాఫిక్ పోలీసు లుహెండే బండి ఆపాడు.

"సామానెవరిది?"

"మాదేనయ్యా. ఇల్లు మారుతున్నాం," అన్నాడు పజీ.

జైతూని అందుకుంది. "నా మొగుడు."

ఇల్లు మారుతున్నట్టు వార్డు ఆఫీసు వాళ్ళిచ్చిన ఉత్తరం అడిగి, లుహెండే విప్పి చూశాడు. "ఇందులో నీ ఒక్కదాని పేరే ఉందేం?"

"కాయితం మీద రాయించుకునేపాటి మొగుడా ఈయన!"

లుహెండే పగలబడి నవ్వాడు. "ఏ జాతివాడివయ్యా?"

"జరామోని."

"నేను సుకుమాని. బావవే అయితే! పో బావా, పో."

ఆ రెండు జాతులకూ తాతలనాటి నుంచి వేళాకోళపు చుట్టరికం. ఒకరినొకరు ఎంత ఏడిపించుకున్నా కోపగించకూడదు.

బతికానురా దేవుడా అనుకుంటూ పజీ సామాను దించేసరికి, అదే వాకిట్లో బకెట్టు పట్టుకుని లుహెండే ఎదురయ్యాడు. పక్క గది అతనిదే. చేసేదేముంది? బండి దక్కాలంటే కాపురం చెయ్యాల్సిందే. రెండు నెలలు రోజూ సాయంత్రం పజీ అక్కడికొచ్చి కూర్చుని, జైతూని పెట్టిన ఉగాలి సంకటి తిని వెళ్ళేవాడు. అసలు భార్య మ్వనైది తల కొట్టుకుంది. "ప్లేటు మార్చడానికి బద్ధకం, రెండో కాపురానికి మాత్రం ఓపికా?"

ఇంతలో లుహెండేకి మొరొగొరో బదిలీ అయింది.

"నా సామాను నువ్వే దింపాలి బావా. పసుపు ప్లేటుకి అద్దె ఇస్తే నేరం కదా, పైసా ఇవ్వను."

పజీ గతుక్కుమని ప్లేటు వంక చూశాడు.

"మొదటిరోజే కనిపెట్టాన్లే. సొంత మొగుడు మంచాన్ని అంత జాగ్రత్తగా దించుతాడా?"

పజీకి ఒళ్ళు మండింది. కానీ చుట్టరికం అడ్డొచ్చింది; నవ్వక తప్పలేదు.

మొరొగొరో పొలిమేరలో ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. "పసుపు ప్లేటు. సామానెవరిది?"

పజీ పక్కన కూర్చున్న లుహెండే వైపు చూశాడు.

"నాదేనమ్మా, నేనూ పోలీసునే. ఇతను నా బావ, అద్దె లేదు," అన్నాడు లుహెండే.

"ఓహో, బావా! పేరేంటి?"

లుహెండే నోరు తెరిచి, మళ్ళీ మూశాడు. రెండు నెలలుగా బావా బావా అనడమే గానీ పేరెప్పుడు అడిగాడని!

తెల్ల ప్లేటు తెచ్చుకున్నాకే బండి వదులుతానని ఇన్‌స్పెక్టరమ్మ తేల్చేసింది. బండి పోయిందని పజీకి ఏడుపొచ్చింది, లుహెండే మొహం చూసి నవ్వూ వచ్చింది. లుహెండే సామాను ఎక్కించుకోవడానికి అద్దె బండొకటి వచ్చి ఆగింది. పజీ తన బండిలోంచి అతని మంచాన్ని సొంత మొగుడిలా ధబేలున దించాడు.