నాలుగో ముడి

నేను ఒక నల్ల టైని. పట్టుదాన్ని కాదు, ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. సూరత్ దగ్గర ఏదో మిల్లులో పాలియెస్టర్ దారంతో నేసి, బెంగళూరులో ఒక రేకుల షెడ్డులో కుట్టారు నన్ను. ఒకే తానులోంచి వందలకొద్దీ పుట్టాం. సగం హోటల్ సర్వర్ల మెడలకి వెళ్ళాయి, కొన్ని పెళ్ళి బ్యాండువాళ్ళకి. నేను ఒక విమానాల కంపెనీ వాటాలో పడ్డాను. అందులో నా గొప్పేమీ లేదు. అయినా ఎయిర్‌పోర్టులో నన్ను చూసి జనం దారి ఇస్తుంటే, హోటళ్ళలో సాంబారు చుక్కలు పడుతున్న తోబుట్టువుల్ని తలుచుకుని కాస్త మురిసిపోయిన మాట నిజం.

ఆ కంపెనీలో పైలట్లు ఎలా కనిపించాలో చెప్పే పుస్తకం ఒకటి ఉంది. పైలట్ విమానం ఎలా నడుపుతున్నాడో ప్రయాణికులు చూడలేరు కదా, అందుకని చొక్కా ఇస్త్రీ చూసి ధైర్యం తెచ్చుకుంటారట. పై పటారం లోన లొటారం అనే సామెత ఆ పుస్తకం రాసినవాళ్ళు విన్నట్టు లేరు. చొక్కా మల్లెపువ్వులా ఉండాలి, బూట్లలో మొహం కనిపించాలి, నా కొస బెల్టు బకిల్‌ని తాకాలి గాని దాటకూడదు. ఆడ పైలట్లకి అదనంగా ఇంకో పేజీ. పూలు కూడదు, గాజులు కూడదు, నుదుట బొట్టు కూడదు, మెడలో సూత్రాలుంటే చొక్కా లోపల దాచుకోవాలి. మెడలో బయటికి కనిపించేది టై ఒక్కటే.

నన్ను తీసుకున్న అమ్మాయి పేరు హైమవతి. కాకినాడ పిల్ల, హైదరాబాదులో కో-పైలట్. భుజాల మీద మూడు బంగారు పట్టీలు. కెప్టెన్ అయితే నాలుగోది వస్తుంది. భర్త జయచంద్ర జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. వాళ్ళతోపాటు అత్తాపూర్ ఇంట్లో ఉండే మూడో మనిషి అతని తల్లి భ్రమరాంబ. సామర్లకోట మనిషి. ముప్పై దాటకుండానే భర్త పోతే, ఒక్క కొడుకునీ తానే పెంచి పెద్ద చేసింది.

హైమ నన్ను కట్టుకుని మొదటిసారి గదిలోంచి బయటికి వచ్చిన పొద్దున్న ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అదేంటమ్మా హైమా, ముత్తైదువ్వి! బోసి మొహం, బోసి చేతులు పెట్టుకుని గడప దాటతావా? పైగా మెడలో ఆ మగాళ్ళ ఉరితాడొకటి!"

"ఉద్యోగం అలాంటిది అత్తయ్యా," అంది హైమ.

ఉరితాడు అన్నందుకు నాకు ఒళ్ళు మండింది. చాలాకాలం ఆవిడంటే నాకు గిట్టేది కాదు.

జయచంద్ర మాత్రం నన్ను మొదటిరోజే తన వస్తువు చేసేసుకున్నాడు. హైమకి టై కట్టుకోవడం రాక కాదు. "నువ్వు విమానం సంగతి చూసుకో, ఇది నాకొదిలెయ్," అనేవాడు. ఎదురుగా నిలబడి కట్టడం అతనికి చేతనయ్యేది కాదు, చేతులు తికమకపడేవి. అందుకని ఆమెని అద్దం ముందు నిలబెట్టి, వెనక నుంచి భుజాల మీదుగా చేతులు చాచి, అద్దంలో చూస్తూ కట్టేవాడు. "పెళ్ళిలో మూడు ముళ్ళు వేశాను, ఇది నాలుగోది. అక్కడ సూత్రం పంతులుగారిచ్చారు, ఇక్కడ న్యూటన్ ఇచ్చాడు," అని చెవి దగ్గర గతి సూత్రమేదో చదివేవాడు. రోజూ అదే జోకు. రోజూ ఆమె నవ్వేది. సాయంత్రం తిరిగొచ్చాక విప్పడం కూడా అతనే.

అతను వేసే ముడిలో ఒక తేడా ఉండేది. మిగతా పైలట్ల టై ముళ్ళన్నీ ఒక పక్కకి వాలితే నేను రెండో పక్కకి వాలేదాన్ని. ఊరందరిదీ ఒకదారి ఉలిపికట్టెదొకదారి అన్నట్టు. డ్యూటీ ఎక్కేముందు యూనిఫాం చూసే ఆఫీసరు ఒకాయన నన్ను చూడగానే మొహం చిట్లించేవాడు.

"మేడమ్, మీ టై ముడి అటు వాలిపోయింది."

"మా ఇంట్లో ఇలాగే వాలుతుంది సర్," అనేది హైమ, వేలితో ఒక్క క్షణం నన్ను సర్ది వదిలేస్తూ.

ఇలా కట్టడం ఎవరు నేర్పారని ఒకసారి భర్తని అడిగింది. "వంశపారంపర్యం," అని నవ్వేశాడు. తండ్రి దగ్గర నేర్చుకుని ఉంటాడనుకుని, పోయినాయన ప్రసక్తి ఎందుకులే అని ఆమె మళ్ళీ అడగలేదు.

ఒక శ్రావణమాసం పొద్దున్న అతనికి మొదటి గంటే క్లాసు ఉంది. తొందరలో ఉన్నాడు. అయినా న్యూటన్‌ని మానలేదు. నన్ను గొంతు దాకా బిగించి, కాలరు మడిచి, ఆమె భుజాల మీద ఒకసారి తట్టి వెళ్ళిపోయాడు. హైమ విమానం ఢిల్లీ వెళ్ళి తిరిగి బయల్దేరింది. అదే సమయానికి అతను మధ్యాహ్నం క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ బోర్డు దగ్గర కూలిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయిందట.

కబురు కంపెనీకి అందింది గాని ఆమెకి చెప్పలేదు. చేతిలో విమానం ఉన్న మనిషికి అలాంటి మాట చెప్పకూడదని వాళ్ళ పద్ధతి. మంచి పద్ధతే. విమానం దిగి, ఇంజన్లు ఆగి, ప్రయాణికులంతా వెళ్ళాక ఒక పెద్ద ఆఫీసరు కాక్‌పిట్ తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. యూనిఫాం చూడ్డానికి వచ్చాడనుకుంది హైమ. లేస్తూ లేస్తూ అలవాటుగా నన్ను సర్దుకుంది. ఆయన చెప్పబోయే మాట కోసం ఆమె ముస్తాబు సరిచేసుకోవడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఆస్పత్రిలో అతన్ని చూశాక ఆమెకి ఊపిరాడలేదు. నన్ను వదులు చేసి తల మీదుగా లాగేసి సంచిలో పడేసింది. ముడి అలాగే ఉండిపోయింది.

పదో రోజున ఆడవాళ్ళు వచ్చారు. హైమని పీట మీద కూర్చోబెట్టింది భ్రమరాంబే. అలా కూర్చోబెట్టడం తప్పని ఆవిడకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, తనని కూర్చోబెట్టినప్పుడూ చెప్పలేదు. నేను గదిలో బీరువా తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్నాను. గాజులు పగిలిన చప్పుడు విన్నాను. పసుపుతాడు తీసేశారని తర్వాత ఆమె మెడని తాకినప్పుడు తెలిసింది. మూడు ముళ్ళ సంగతి అందరికీ గుర్తుంది. తలుపు వెనక నాలుగోది ఉందని ఎవరికీ తట్టలేదు.

సెలవు అయిపోయి హైమ మళ్ళీ డ్యూటీకి బయల్దేరిన రోజు ఒక వింత చూశాను. తెల్ల చొక్కా, బోసి నుదురు, బోసి చేతులు, నేను. ఏమీ మారలేదు. ఆ పుస్తకం రాసినవాళ్ళు తమకి తెలియకుండానే ముత్తైదువకీ, కానిదానికీ ఒకే నియమం రాసిపెట్టారు. బజారులో, పెళ్ళిళ్ళలో పక్కకి తప్పుకునే మనుషులు ఎయిర్‌పోర్టులో ఆమెకి ఎప్పటిలాగే దారి ఇచ్చారు. భ్రమరాంబ గడప దగ్గర నిలబడి చూసింది. ఆ రోజు బోసి మొహం గురించి ఒక్క మాట అనలేదు.

అప్పటి నుంచి రెండేళ్ళు హైమ నా ముడి విప్పలేదు. సాయంత్రం వదులు చేసి తల మీదుగా తీసేది, పొద్దున్న తల మీదుగా వేసుకుని బిగించుకునేది. ముడి రాయిలా గట్టిపడింది. మెడ దగ్గర నా నలుపు వెలిసి మెరుపు తేలింది. అంచు చిట్లితే ఆమె నల్లదారంతో కుట్టుకుంది. టై మార్చమని యూనిఫాం ఆఫీసరు రెండు మూడుసార్లు చెప్పాడు, మారుస్తానంటూనే గడిపేసింది. ఈలోగా పరీక్షలు నెగ్గి కెప్టెన్ అయింది. భుజం మీదికి నాలుగో పట్టీ వచ్చిన రోజు అద్దం ముందు చాలాసేపు నిలబడింది. చూపించుకోవడానికి వెనక ఎవరూ లేరు.

అప్పుడు కంపెనీకి కొత్త బుద్ధి పుట్టింది. రంగు మార్చారు, ముదురు నీలం. టై కూడా మార్చారు. కొత్త టైకి ముడి ముందే కుట్టేసి ఉంటుంది, కాలరుకి క్లిప్పు తగిలించుకుంటే చాలు. ప్రేమగా కట్టే పని కూడా మిషనుకి అప్పజెప్పేశారన్నమాట. పాత యూనిఫాం బయట ఎవరి చేతిలోనన్నా పడితే దొంగచాటుగా ఎయిర్‌పోర్టులో చొరబడతారని, ప్రతి ముక్కా తిరిగిచ్చేయాలన్నారు. అన్నీ యంత్రంలో వేసి పీలికలు చేస్తారట.

హైమ ఆఫీసుకి ఫోన్ చేసి, టై ఒక్కటీ ఉంచుకోవచ్చా అని అడిగింది. కుదరదన్నారు. ఫోన్ పెట్టేసి నన్ను చేతిలోకి తీసుకుని, "ఇస్తాను గాని, విప్పి మాత్రం ఇవ్వను," అంది. పీలికలయ్యేది ఎలాగూ అవుతుంది, అతను వేసిన ముడి ముడిగానే పోతే చాలునని ఆమె కోరిక. ఇంత చిన్న కోరిక తీరకపోవడానికి కారణమేముంటుందిలే అని నేను కూడా అనుకున్నాను.

పాత యూనిఫాంలో చివరి డ్యూటీకి ముందురోజు మధ్యాహ్నం హైమ పని మీద బయటికి వెళ్ళింది. భ్రమరాంబ కోడలి బట్టలన్నీ ముందేసుకుని ఇస్త్రీకి కూర్చుంది. ఒకరికి తిరిగిచ్చే వస్తువు శుభ్రంగా ఇవ్వాలని ఆవిడ పట్టుదల. చొక్కాలయ్యాయి, ప్యాంట్లయ్యాయి. నన్ను తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ పిల్లకి ఎంత బద్ధకమో, ముడి కూడా విప్పదు," అనుకుంది నవ్వుకుంటూ. వేళ్ళతో లాగింది. రాలేదు. సూత్రాలకి పిన్నీసులు తగిలించుకునే రోజులు ఆవిడకి ఎప్పుడో పోయాయి, కొంగుకి ఒకటి పెట్టుకుంటుంది. దాన్ని తీసి నా ముడిలోకి గుచ్చింది. చిరగకుండా, ఓపిగ్గా, ఎంతో ప్రేమగా విప్పింది. నాకు నోరుంటే వీధి చివరిదాకా వినిపించేట్టు అరిచేదాన్ని.

హైమ వచ్చేసరికి నేను మంచం మీద సాపుగా పడుకుని ఉన్నాను.

"అత్తయ్యా, ఇది ఎవరు విప్పారు?"

"నేనేనమ్మా. ఎంత బిగుసుకుపోయిందనుకున్నావ్! ఇంకాసేపైతే నా వేళ్ళు ఊడిపోయేవి."

హైమ మంచం అంచున కూర్చుంది. కోపం లేదు. నన్ను ఒళ్ళోకి తీసుకుంది.

"అది ఆయన కట్టింది అత్తయ్యా. ఆ రోజు పొద్దున్న."

భ్రమరాంబ చేతిలో పిన్నీసు ఇంకా తెరిచే ఉంది. దానివంక చూసింది, నావంక చూసింది. "పీట మీద కూర్చోబెట్టి ఆ మూడూ నేనే తీయించాను కదమ్మా," అంది. "ఇదీ నా చేత్తోనేనా?" గోడకి ఆనుకుని కిందికి జారిపోయి ఏడ్చింది. కొడుకు పోయిన రోజున కూడా ఆవిడ అలా ఏడవగా నేను వినలేదు. హైమ వెళ్ళి పక్కన కూర్చుంది గాని, ఊరుకోమనలేదు. ఇన్నాళ్ళూ ఆవిడ మీద పెట్టుకున్న కోపం ఇంక నాలో నిలవలేదు.

మర్నాడు హైమ చొక్కా వేసుకుని నన్ను కాలరు కిందికి తోసింది. చేతులు కదల్లేదు. కట్టుకోవడం వచ్చు, కట్టుకోబుద్ధి కాలేదు. తలుపు దగ్గరి నుంచి భ్రమరాంబ చూస్తూ ఉంది. వచ్చి కోడలి వెనక నిలబడింది. కొడుకంత పొడుగు కాదు, అందుకని ముక్కాలిపీట తెచ్చి ఎక్కింది. భుజాల మీదుగా చేతులు చాచి, అద్దంలో చూస్తూ నన్ను పట్టుకుంది.

"మీకు వచ్చా అత్తయ్యా?"

"మరి చంద్రానికి నేర్పిందెవరనుకున్నావ్? వాడు కాన్వెంటుకి వెళ్ళేటప్పుడు టై కట్టాలంటే ఇంట్లో మగదిక్కేదీ? సామర్లకోటలో యూనిఫాం కొట్టాయన ఎదురుగా నిలబడి చూపించాడు. ఆయన కుడి నాకు ఎడమైంది. అలాగే నేర్చుకున్నాను, అలాగే వాడికి కట్టాను. అందుకే ఇది అటు వాలుద్ది. టీచరమ్మ తిట్టేదంట. మార్చుకోరా అంటే వినేవాడు కాదు."

ఆ చేతులు నన్ను చుట్టి, పైకి తీసి, కిందికి దించాయి. నా ఒంటి మీద రెండేళ్ళ మడతలు అలాగే ఉన్నాయి. ముడి ఒక్కొక్క మడతనీ వెతుక్కుని సరిగ్గా అందులోనే కూర్చుంది. గొంతు దాకా బిగించి వదలగానే నేను ఎప్పటిలాగే అటు వాలాను. హైమ అద్దంలో నన్ను చూసింది, ఆ వెనక ఉన్న మొహాన్ని చూసింది. కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే భుజాల మీదున్న చేతులు ఆవిడ తీసేస్తుందని కాబోలు.

"కొత్తదానికి ముడి అక్కర్లేదంట కదా," అంది భ్రమరాంబ ముక్కాలిపీట దిగుతూ.

"అక్కర్లేదు. అయినా మీరు రోజూ వెనక నిలబడండి అత్తయ్యా."

ఆ రోజు విశాఖపట్నం వెళ్ళి వచ్చాం. యూనిఫాం ఆఫీసరు నన్ను చూసి ఏదో అనబోయి, చివరిరోజే కదా అని ఊరుకున్నాడు. సాయంత్రం హైమ వేరే బట్టలు మార్చుకుని, నన్ను మాత్రం మెడలోనే ఉంచుకుని, యూనిఫాం అంతా కౌంటరు మీద పెట్టి, చివరికి నన్ను తల మీదుగా తీయబోయింది. అక్కడి అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"ముడి విప్పియ్యండి మేడమ్, మెషిన్ల ఇరుక్కుంటది."

"నేనే విప్పాలా?"

"కావాలంటే నేను విప్తా, ఇటియ్యండి."

"వద్దు," అంది హైమ.

తొందరపడలేదు. మెడలో ఉండగానే వేలు పెట్టి నన్ను వదులు చేసింది. ఒక మెలిక తీసి ఆగింది. ఇంకో మెలిక తీసి, పెదవులు కదిపి న్యూటన్ సూత్రం చదువుకుంది. నాకొక్కదానికే వినిపించింది. తర్వాత నన్ను మెడలోంచి లాగి, నాలుగు మడతలు పెట్టి, ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

ఇప్పుడు నేను గోనెసంచిలో ఉన్నాను. పక్క గదిలో యంత్రం నడుస్తోంది. సంచిలో నాతోపాటు చాలా టైలు ఉన్నాయి, వాటి ముడతలన్నీ ఒక పక్కకి, నావి రెండో పక్కకి. పీలికలయ్యేటప్పుడు నొప్పి ఉంటుందో లేదో తెలియదు. భయంగానే ఉంది. కానీ ఒక్క సంగతి పట్టుకుని పడుకున్నాను. ఆ మూడు ముళ్ళూ విప్పేముందు ఆమెని ఎవరూ అడగలేదు. నాలుగోది మాత్రం చివరికి ఆమే విప్పుకుంది.